నెత్తి దాకా పోని చెయ్యి

నా చెయ్యి నా మాట వినకుండా పోయిన రోజు నాకు బాగా గుర్తు. తొర్రూరులో మా వీధి మొదట్లో, ఎరువుల దుకాణం పైన, ఒక జిమ్ము ఉంది. పొద్దున పూట ఆడవాళ్లకు మాత్రమే. ఇనుప కడ్డీని ఛాతీ దగ్గరి నుంచి నెత్తి పైకి తోస్తున్నాను. ఎడమ చెయ్యి చక్కగా పోయింది. కుడి చెయ్యి చెవి దాకా పోయి ఆగింది. అలిసిపోయి ఆగడం వేరు, ఇది వేరు. లోపలి నుంచి గడియ పెట్టిన తలుపును తోస్తే ఎట్లా ఆగుతుందో అట్లా ఆగింది. కడ్డీ ఒక పక్కకు ఒరిగింది. నేర్పే అమ్మాయి పరుగెత్తుకొచ్చి పట్టుకోకపోతే ఆ రోజే నా మూతి పళ్లు రాలేవి.

"టీచరక్కా, ఏమైంది? కుడి చెయ్యి పైకి పోతలేదు."

"పోతది పోతది. రాత్రి దాని మీదనే పండుకున్న, గంతే," అన్నాను.

అబద్ధం. దాని మీద పడుకోవడం మానేసి అప్పటికే చాలా రోజులైంది. ఆ పక్కకు తిరిగితే భుజంలో ఎవరో స్క్రూ తిప్పినట్టు ఉండేది. నేను ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. నా నోరు పెద్దదని పిల్లలకూ తెలుసు, తోటి టీచర్లకూ తెలుసు. నాకు కోపం వచ్చినంత సులువుగా అబద్ధం రాదు. అయినా ఆ రోజు ఠక్కున వచ్చింది. నొప్పి అని బయటపడితే మరునాటి నుంచి నాకు జిమ్ము ఉండదు. అందుకని.

అసలు నేను ఇనుము పట్టిందే మా అమ్మ వల్ల. మా పుట్టిల్లు మహబూబాబాద్, మా నోట్లో అది ఇప్పటికీ మానుకోటే. అమ్మ వాకిట్లో నీళ్ల బకెట్టుతో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. అంత చిన్న జారుడుకు ఎముక అట్లా విరగడమేమిటని నేనూ అక్కా డాక్టరుతో కొట్లాటకు దిగినంత పని చేశాం. ఆయన ఎక్స్‌రే ఫోటో చూపించి, ఎముకలు గుల్లబారాయి అన్నాడు. "మీరిద్దరూ ఇప్పటి నుంచి కాస్త బరువులు ఎత్తండి. లేదంటే మీకూ ఇదే మంచం," అన్నాడు. వీధి మొత్తాన్ని నోటితో ఏలిన మా అమ్మ, పక్కకు తిరగాలంటే మమ్మల్ని పిలిచే స్థితికి వచ్చింది. తొర్రూరుకు తిరిగొచ్చిన వారంలోనే జిమ్ములో చేరాను.

ఇంట్లో దుమారం. మా ఆయన బోరు మోటార్లు బాగు చేసే దుకాణం నడుపుతాడు. మొదట పగలబడి నవ్వాడు. నేను నవ్వడం లేదని చూసి ఆపాడు. "సరే, పో. కని చెయ్యి నొప్పి, కాలు నొప్పి అని ఒక్క మాట నా చెవుల పడ్డదో, గదే ఆఖరు. మల్ల అడుగొద్దు," అన్నాడు. నేను సరే అన్నాను. ఆ మాట మీదనే వెళ్లాను.

అత్తమ్మ మాత్రం నవ్వనూ లేదు, సరే అననూ లేదు. మామ పోయినప్పటి నుంచి ఆమె మా దగ్గరే ఉంటోంది. చేతిలో చీపురు అట్లాగే పట్టుకుని నన్ను పై నుంచి కిందికి చూసింది.

"బోనమెత్తే చేతులతోని ఇనుప కడ్డీలెత్తుతవా?" అంది.

"ఎత్తుత. ఏమైతది?"

"ఏమైతదా? ఏమైతదో గప్పుడు తెలుస్తది."

ఆ మాట నాకు శాపం పెట్టినట్టే వినిపించింది. వారం రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు.

అత్తమ్మ గురించి చెప్పాలి. వాళ్లది పెద్దవంగర పక్కన పల్లె. వడ్ల గదికి తాళంచెవి ఎవరికీ ఇవ్వని మనిషి. పచ్చడి జాడీ మూత కూడా ఆమే తీయాలి. కొత్త కోడలిగా నేను వెళ్లినప్పుడు ఉప్పు ఎంత వేయాలో కూడా ఆమె కళ్లతోనే చెప్పేది. అటువంటి మనిషి తన చేతులతో నాకు ఇచ్చింది ఒకే ఒక్కటి. బోనం.

శ్రావణంలో ఊరంతా పోచమ్మకు బోనాలు తీస్తుంది. అన్నం వండిన కుండ, దాని మీద ముంత, ముంత మీద దీపం, చుట్టూ వేపాకు. మా అత్తగారింట్లో ఒక పట్టింపు ఉంది. బోనం ఎత్తే మనిషి దాన్ని నేల మీది నుంచి తన చేతులతోనే ఎత్తి నెత్తిన పెట్టుకోవాలి. ఇంకో మనిషి చెయ్యి తగలకూడదు. పక్కిళ్లలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు సాయం పట్టి ఎత్తుతారు. మా ఇంటి వాళ్లకు అది నామోషీ. కుండ చూస్తే పెద్దది, బరువుది. దాన్ని అత్తమ్మ ఒక్క ఊపుతో ఎత్తేది.

నా పెళ్లైన కొత్తలో ఆమె ఎత్తిన చివరి బోనం నేను చూశాను. వేపమండ పట్టుకుని ఆమె వెనకే నడిచాను. గడప దాటేటప్పుడు ఆమె రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి. వీధి మలుపు దగ్గర కుడి చెయ్యి కిందికి దించేసింది. అక్కడి నుంచి పోచమ్మ దాకా ఎడమ చెయ్యి ఒక్కటే. కుడి చెయ్యి పక్కన వేలాడుతూ ఉంది. ఊరి ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "అబ్బా, ఒంటి చేత్తోనే తీస్కపోతున్నదే!" అన్నారు. నాకైతే లోపల మండింది. ఈమెకు ఇంత గొప్పలేంది, అమ్మోరి దగ్గర కూడానా, అనుకున్నాను.

మరుసటి ఏడు కుండ సిద్ధమయ్యాక నన్ను అందరి ముందుకు పిలిచింది. "ఇగ నువ్వెత్తు," అంది. నేను నమ్మలేకపోయాను. వాకిట్లో ఉన్నవాళ్లంతా బిత్తరపోయారు. తాళంచెవి ఇవ్వని మనిషి బోనం ఇచ్చేసింది! ఎత్తేటప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మకు చెప్పాను, అక్కకు చెప్పాను, బడిలో టీచర్లందరికీ చెప్పాను. మా అత్తకు నేనంటే ప్రాణం, పైకి కనపడనియ్యదు గాని, అని ఇన్నేళ్లుగా చెప్పుకుంటూనే ఉన్నాను. ఆమె నన్ను ఏమన్నా, బోనం ఇచ్చింది కదా అని లోలోపల సర్ది చెప్పుకునేదాన్ని.

ఆమెతో నాకున్న గొడవల్లో ఒకటి మరీ చిన్నది, చెప్తే నవ్వుతారు. తల దువ్వుకోవడం. పొద్దున వెనక వాకిలి గడప మీద కూర్చుంటుంది. మోకాలి మీద మోచెయ్యి ఆనించి, తలను మోకాళ్ల మధ్యకు వంచేసి, జుట్టంతా ముందుకు వేసుకుని దువ్వుతుంది. దారికి అడ్డం. బట్టలారేయడానికి వెళ్లాలంటే ఆమెను దాటుకుని పోవాలి. "అట్ల వంగితే మెడ పట్టదా అత్తమ్మా? సక్కగ కూసోని దువ్వుకోరాదు?" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. "నా తల, నా ఇష్టం," అనేది జుట్టు లోపలి నుంచి. ముసలితనం చాదస్తం అనుకుని వదిలేశాను. ఆమె ముసలిది కాకముందు నుంచే అట్లా దువ్వుకునేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

జిమ్ము నాకు పడింది. మొదట్లో ఒళ్లు హూనమైంది గాని, చలికాలం పోయేసరికి నిండు గ్యాస్ బండను గేటు దగ్గరి నుంచి వంటింటి దాకా నేనే మోసుకొచ్చాను. బండ తెచ్చినతను నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అత్తమ్మ నా వంక చూసి, "మొగరాయుడు," అని గొణిగి మొహం తిప్పుకుంది. నాకు పండగే. నలభై దాటాక, నా ఒంట్లో నాకు తెలియని బలం ఉందని తెలియడం మామూలు సంగతి కాదు. మంచంలో పడి ఉన్న అమ్మ చేతిని పట్టుకుని, "నేను నీలెక్క పడనే అమ్మా," అని చెప్పి వచ్చాను. అంత గట్టిగా అన్నాను.

ఉగాది తర్వాత మొదలైంది ఈ బిగుతు. మొదట్లో భుజం ముందు వైపు ఏదో గుంజుతున్నట్టు ఉండేది. వేడెక్కితే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. తర్వాత చెయ్యి వెనక్కి పోవడం మానేసింది. జాకెట్టు వెనక హుక్కు అందలేదు. నా పెట్టెలోని జాకెట్లన్నింటికీ హుక్కులు ముందుకు మార్పించుకున్నాను. టైలరు ఎందుకు మేడం అంటే ఫ్యాషన్ అన్నాను. భూపాలపల్లిలో ఉండే మా అక్కకు ఫోనులో గుట్టుగా చెప్తే, బావకు బొగ్గు గనిలో నడుము పట్టినప్పుడు రాసే నూనె సీసా పంపింది. స్నానాల గదిలో గడియ పెట్టుకుని రాసుకునేదాన్ని. ఆ వాసన బయటికి రాకుండా రెండుసార్లు సబ్బు పెట్టి కడిగేదాన్ని.

జిమ్ములో నేర్పే అమ్మాయిది గూడూరు వైపు ఒక తండా. ఫోనులో వాళ్ల అమ్మతో తన భాషలో గలగలా మాట్లాడుతుంది, మాతో మా తెలుగు మాట్లాడుతుంది. రెండు మూడు సార్లు నా కడ్డీకి ఉన్న బరువు బిళ్లలు తానే తీసేసింది.

"అక్కా, జర దవాఖాన్ల చూపెట్టుకో. గిది మామూలు పట్టుడు తీరు లేదు."

"పట్టేసిందానికి ఇంకింత గుంజితే ఇడుస్తది చెల్లే. మోటరు పట్టేస్తే మా ఆయన గట్లనే తిప్పుతడు."

"నువ్వు మోటరువా అక్కా?"

మిగతావాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల అటు తిరగ్గానే బిళ్లలు మళ్లీ ఎక్కించాను. పళ్లు బిగబట్టి తోశాను. చెయ్యి పైకి పోలేదు, కళ్లలోంచి నీళ్లు మాత్రం వచ్చాయి. చెమట తుడుచుకున్నట్టు తువ్వాలతో తుడుచుకున్నాను.

ఎండాకాలం సెలవులు అయిపోయి బడి తెరిచారు. బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్క పట్టుకుని చెయ్యి ఎత్తాను. ఎప్పుడూ పై అంచు నుంచి రాయడం నా అలవాటు. చెయ్యి బోర్డు నడుమ దాకా పోయి ఆగిపోయింది. పాఠం పేరు నడుమ రాశాను. వెనక నుంచి ఒక గొంతు, "టీచర్, పైన జాగ ఉంది గదా!" అంది. తిరిగి చూసి ఉరిమాను. క్లాసు కిక్కురుమనలేదు. పైన అంత నల్లగా ఖాళీగా ఉన్న బోర్డును చూస్తూ, ఆ జాగ నాకు ఇక అందదా అనుకున్నాను. చాలా భయమేసింది. అమ్మ మంచం కళ్ల ముందు కదిలింది.

శ్రావణం ఇంకా ముందుంది గాని బోనం కుండ అప్పుడే నా కలల్లోకి వచ్చేది. నేల మీది నుంచి నెత్తి మీదికి, నా చేతులతోనే, ఎవరి సాయం లేకుండా. ఎట్లా ఎత్తాలి? ఎత్తలేకపోతే నా నొప్పి ఊరి మధ్యలో బయటపడుతుంది. జిమ్ము సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఒక ఆదివారం తలస్నానం చేశాను. మా ఆయన దుకాణానికి పోయాడు. అత్తమ్మ ముందు గదిలో చిక్కుడుకాయ ఒలుస్తోంది. దువ్వెన నెత్తి దాకా పోక చాలా రోజులైంది. బడికి వెళ్లే రోజుల్లో ఎడమ చేత్తో ఏదో ముడి వేసుకుని పోతున్నాను. ఆ రోజు చిక్కు బాగా ఉంది. వెనక వాకిట్లో చిన్న పీట వేసుకున్నాను. చెయ్యి నెత్తి దగ్గరికి పోనప్పుడు నెత్తే చెయ్యి దగ్గరికి రావాలి కదా. మోకాలి మీద మోచెయ్యి ఆనించి, తల వంచి, జుట్టంతా ముందుకు వేసుకున్నాను. హాయిగా పోతోంది దువ్వెన. ఇది నాకు ఎవరు నేర్పారు అనుకుంటూ దువ్వుతున్నాను.

జుట్టు సందులోంచి రెండు పాదాలు కనిపించాయి. గడప అవతల. కదలడం లేదు.

తల ఎత్తాను. అత్తమ్మ. చేతిలో చిక్కుడు తొక్కల చాట. ఆమె మొహంలో అటువంటి చూపు నేను ఎప్పుడూ చూడలేదు. మామ పోయిన రోజు కూడా ఆమె అట్లా పాలిపోలేదు.

"ఎన్నొద్దుల సంది?" అంది.

"ఏంది?"

"గదే."

"ఏం లేదు అత్తమ్మా. చిక్కు పడ్డది."

ఇంకేమీ అడగలేదు. చాట పట్టుకుని అట్లాగే వెనక్కి వెళ్లిపోయింది. నా పని అయిపోయింది అనుకున్నాను. కొడుకు రాగానే చెప్పేస్తుంది, నేనన్నది నిజమైంది చూడు అంటుంది. రోజంతా ఏ పనీ సాగలేదు. ఆమె నా వైపు చూడలేదు, నేను ఆమె వైపు చూడలేదు.

సాయంత్రం ఆయన వచ్చి కూర్చున్నాడు. అత్తమ్మ నీళ్ల చెంబు ఇచ్చి, "రేపు నన్ను నీ పెండ్లాం జనగామ తోల్కపోతది. మోకాళ్లు గుంజుతున్నయి. ఆడ బొక్కల డాక్టరున్నడట," అంది.

"గీ తొర్రూరుల లేరానె అవ్వా డాక్టర్లు?"

"నాకు జనగామ పోవాలనున్నది. పోవద్దా?"

ఆయన చేతులెత్తేశాడు. నేను మాత్రం నిలువునా బిగుసుకుపోయాను. మోకాళ్లు పట్టుకుని ఒక్కనాడు కూడా అబ్బా అనని మనిషి. సూది మందు అంటే పారిపోయే మనిషి. ఈమె నా కోసం అబద్ధం ఆడుతోందా? ఈమె?

మరునాడు బడికి సెలవు పెట్టాను. బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పాలకుర్తి దాటాక, నా వైపు తిరగకుండానే, "నా మోకాళ్లు మంచిగనే ఉన్నయి. నీ చెయ్యి చూపెట్టుకో," అంది.

జనగామ డాక్టరు పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడాడు. నన్ను చెయ్యి ఎత్తమన్నాడు. చెవి దాకా కూడా పోలేదు. తర్వాత తానే నా చెయ్యి పట్టుకుని ఎత్తాడు. అదే చోట ఆగింది. ఇంకాస్త తోసేసరికి నేను పెట్టిన కేకకు బయట కూర్చున్నవాళ్లు తలుపు వైపు తొంగి చూశారు.

"ఎవరు ఎత్తినా పోవడం లేదు. కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయిందమ్మా. ఫ్రోజెన్ షోల్డర్ అంటాం. మీకు షుగర్ ఉందా?"

"నాకెక్కడి షుగర్ డాక్టర్‌గారూ! ఇంత బక్కగా ఉంటే!"

ఆయన మాట్లాడకుండా వేలికి సూది గుచ్చి, చిన్న మిషను మీద రక్తం చుక్క పెట్టాడు. అంకె చూశాడు. నాకూ చూపించాడు. ఆ అంకెకు అర్థం నాకు తెలుసు, మా స్టాఫ్ రూములో రోజూ వినే అంకెలే. ఇంకో పరీక్ష కూడా రాస్తాను గాని, ఇది షుగరేనమ్మా, చాలా రోజులుగా ఉన్నట్టుంది, అన్నాడు. నేనా? పొద్దున్నే లేచి ఇనుము ఎత్తే నేనా? అమ్మలాగా పడను అని ప్రగల్భాలు పలికిన నేనా? కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"జిమ్ము వల్లనే వచ్చిందా?" అని అడిగాను.

"కాదు. షుగర్ ఉన్నవాళ్లకు భుజం ఇట్లా పట్టేయడం మేం చాలా చూస్తాం. పట్టేసిన దాన్ని మొండిగా తోసి నొప్పి పెంచుకున్నారు, అంతే. తల పైకి ఎత్తే బరువులు కొన్నాళ్లు ఆపండి. మిగతావి చేసుకోండి. మీ షుగర్‌కు మంచిది కూడా. భుజం మెల్లగా వస్తుంది, నెలలు పడుతుంది. ఓపిక పట్టాలి."

నాకు ఏడుపూ వచ్చింది, ఊపిరీ వచ్చింది. లేవబోతున్నాను. పక్కన నిలబడ్డ అత్తమ్మ కొంగు సవరించుకుని ముందుకొచ్చింది.

"సారూ, నాది గూడ జర చూడు."

"మోకాలేనా పెద్దమ్మా?"

"కాదు. చెయ్యి."

కుడి చెయ్యి ఎత్తింది. ఎత్తిందని అనకూడదు. నడుము దగ్గరి నుంచి కాస్త లేచి వణికి ఆగింది. డాక్టరు ఆ చేతిని పట్టుకుని పైకి ఎత్తాడు. నాది పోలేదు గాని ఆమెది పోయింది! నెత్తి పక్కదాకా మెత్తగా పోయింది. "ఇప్పుడు వదులుతాను, అట్లాగే పట్టుకుని ఉండండి," అని వదిలాడు. చెయ్యి పడిపోయింది. తెగిన కొమ్మ పడ్డట్టు ఆమె తొడ మీద టప్పున పడింది.

ఇరవై ఏళ్లకు పైగా నేను ఈమె కోడలిని. ఈ చెయ్యి నాకు వడ్డించింది. ఇప్పుడు హాస్టల్లో ఉన్న నా బిడ్డకు చిన్నప్పుడు స్నానం చేయించింది. నాకు తెలియదు.

"లోపల కండను ఎముకకు కట్టి ఉంచే పట్టీ తెగింది," అన్నాడు డాక్టరు. "ఇది ఇప్పటిది కాదు. ఎప్పుడు జరిగింది పెద్దమ్మా?"

"దీని పెండ్లయిన కొత్తల. బోనమెత్తంగ టక్కుమన్నది."

వీధి మలుపు. కిందికి దిగిన కుడి చెయ్యి. అది గొప్ప కాదు. తెగిన భుజంతో, నెత్తిన అంత బరువుతో, నవ్వు మొహంతో పోచమ్మ దాకా నడిచింది ఈ మనిషి. నేను వెనక వేపమండ పట్టుకుని కడుపులో మండిపోతూ నడిచాను.

"అప్పుడే వస్తే కుట్టేవాళ్లం," అన్నాడు ఆయన. "ఇప్పుడు కండ కూడా ఎండిపోయింది. కాస్త బలం వచ్చేట్టు కొన్ని కసరత్తులు చెప్తాను గాని, పూర్తిగా రాదమ్మా."

అత్తమ్మ తల ఊపింది. కొత్త సంగతి విన్నట్టే లేదు.

బస్టాండులో ఇద్దరం టీ తెచ్చుకుని కూర్చున్నాం. నాది చక్కెర లేని టీ, మొదటిసారి. గొంతు దిగలేదు. ఆమె గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంది. ఎప్పుడూ ఎడమ చేత్తోనే పట్టుకుంటుంది. అది కూడా నేను ఇప్పుడే చూస్తున్నాను.

"ఇన్నేండ్లు పత్తి ఎట్ల ఏరినవ్ అత్తమ్మా?"

"పత్తి నడుము కాడ ఉంటది గద. దానికి చెయ్యి లేవాల్నా?"

"ఒక్కలకన్న చెప్పకపోతివి. మామకన్న."

"ఏమని చెప్పాలె? బోనమెత్తంగ చెయ్యి పోయిందంటే ఊరు ఏమంటది? అమ్మోరే గుంజుకున్నదంటరు. ఏం పాపం చేసిందో అంటరు. సచ్చేదాక నన్ను గట్లనే చూద్దురు."

నేను టీ పక్కన పెట్టేశాను. అడగకుండా ఉండలేకపోయాను.

"మరి నాకు బోనం ఇచ్చింది... నా మీద ప్రేమతోని కాదా?"

అత్తమ్మ నా వైపు తిరిగింది. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"ప్రేమనా? నా చెయ్యి లేస్తే సచ్చేదాక నీకు ఇయ్యకపోదును."

చెంప మీద కొట్టినట్టయింది. ఎంతమందికి చెప్పుకున్నానో ఆ కథ! కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, చివరికి నవ్వు కూడా వచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ అంది: "నువ్వు ఇనుము ఎత్తుత అన్ననాడు నాకు గుండె దడదడ కొట్టుకున్నది. నీది గూడ నా లెక్కనే టక్కుమంటదేమోనని. తిట్టిననుకున్నవు నువ్వు. నిన్న నువ్వు గట్ల తల వంచుకోని కూసుంటే... నన్ను నేనే చూసుకున్నట్టయింది పిల్లా."

ఆమె కుడి చెయ్యి ఒళ్లో పడి ఉంది. దాన్ని నా ఎడమ చేత్తో పట్టుకున్నాను. విదిలించుకోలేదు. తొర్రూరు బస్సు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాం.

"వానికి ఇప్పుడే చెప్పకు," అంది ఎక్కేటప్పుడు. "నేనే చెప్త."

శ్రావణం వచ్చింది. అప్పటికి నా చెయ్యి చెవి దాకా పోతోంది, ఇంకా పైకి రావడం లేదు. జిమ్ములో కాళ్లకూ నడుముకూ పనికొచ్చే బరువులు ఎత్తుతున్నాను. పొద్దున్నే షుగర్ మాత్ర వేసుకుంటున్నాను. మా ఆయనకు ఏమీ తెలియదు. అత్తమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు.

పల్లెలో మా పాత ఇంటి వాకిలి నిండా ఆడవాళ్లు. కుండకు పసుపు రాశారు, వేపాకు కట్టారు, దీపం పెట్టారు. డప్పు మొదలైంది. అందరూ నన్నే చూస్తున్నారు. నేను కుండ ముందు వంగి రెండు చేతులూ వేశాను. ఎత్తితే ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు. ఆగితే కుండ ఏమవుతుందో కూడా తెలుసు. మా ఆయన అరుగు మీద నిలబడి చూస్తున్నాడు.

"ఆగు," అంది అత్తమ్మ.

డప్పు ఆగింది.

"రాండ్రి. నలుగురు రాండ్రి. తలొక చెయ్యి ఏసి దీని నెత్తిన పెట్టుండ్రి."

ఎవరూ కదలలేదు. పక్కింటి పెద్దామె, "అదేందక్కా? మీ ఇంట్ల ఇంకోల చెయ్యి తగలొద్దంటివి గద. నువ్వే గద పట్టింపు పెట్టేదానివి," అంది.

"అవును, నేనే. ఆ పట్టింపుకే నా చెయ్యి పోయింది. చూడుండ్రి." అందరి ముందు కుడి చెయ్యి ఎత్తి చూపింది. లేచినంత లేచి, పడిపోయింది. వాకిట్లో ఒక్క గాజు కూడా చప్పుడు కాలేదు. మా ఆయన అరుగు దిగి, "అవ్వా," అని మాత్రం అనగలిగాడు.

అత్తమ్మ అతని వైపు తిరిగింది. "దీనికి గూడ చెయ్యి పట్టింది. నీకు చెప్తే బంద్ పెడుతవని దాస్తున్నది. ఇనుమెత్తి పట్టలే. దానికి చక్కెర రోగమున్నది, డాక్టరు చెప్పిండు. నేను ఏ ఇనుమెత్తితే పోయిందిరా నా చెయ్యి? అది జిమ్ముకు పోతది. నువ్వు నోరు మూసుకోని ఉండు."

తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి, "నా చెయ్యి పోతే పోయింది. దీనిది పోనియ్య," అంది.

పక్కింటి పెద్దామే మొదట వంగింది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. కుండ లేచి నా నెత్తి మీదికి వచ్చింది. నా కుడి చెయ్యి కుండ అంచు దాకా అందలేదు. ఎడమ చేత్తో పట్టుకున్నాను. డప్పు మళ్లీ మొదలైంది. అత్తమ్మ ఎడమ చేత్తో వేపమండ పట్టుకుని నా వెనక నడిచింది.

వీధి మలుపు దగ్గర ఎవరో, "ఒంటి చేత్తోనే!" అన్నారు. వెనక నుంచి అత్తమ్మ గొంతు ఠక్కున వచ్చింది.

"గొప్ప గాదే. ఆ చెయ్యి లేవది."